బ్రాయిలర్ దాణాలో ఎంజైములు: సొంతంగా దాణా కలుపుకొనే రైతులు ఎలా వాడాలి?

సొంతంగా దాణా కలుపుకొనే బ్రాయిలర్ రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎంజైము (కోడి సొంతంగా జీర్ణం చేసుకోలేని భాగాన్ని విడదీయడానికి దాణాలో కలిపే పదార్థం) టన్నుకు ఎన్ని గ్రాములు వేయాలి? దీనికి ఒకే అంకెతో జవాబు చెప్పడం కుదరదు. ఒక కంపెనీ పొట్లంలో గ్రాముకు 5,000 యూనిట్ల బలం ఉంటే మరో కంపెనీ పొట్లంలో 10,000 యూనిట్లు ఉండవచ్చు, కాబట్టి గ్రాములు సమానమైనా కోడికి అందేది సమానం కాదు. ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది: ఎంజైము వేసిన తర్వాత ఫార్ములాలో ఏ పదార్థాన్ని ఎంత తగ్గించాలి? మొక్కజొన్న, సోయా చెక్కతో చేసిన మంచి దాణాలో ఏదీ తగ్గించకుండా ఎంజైమును పైపైన చల్లితే చాలా సందర్భాల్లో పెరిగేది ఖర్చే. ఆ లెక్క ఎలా వేసుకోవాలో, ఎంజైమును ఎలా కలపాలో, ఫలితాన్ని ఎలా పరీక్షించుకోవాలో ఇక్కడ వరుసగా చూద్దాం.

ముందుగా ఒక హెచ్చరిక. ఇంటిగ్రేషన్ పద్ధతిలో, అంటే కంపెనీయే పిల్లలను, దాణాను ఇచ్చే పద్ధతిలో కోళ్లను పెంచుతున్నవారు షెడ్డుకు వచ్చిన దాణాలో మళ్లీ ఎంజైము కలపకండి. కంపెనీ దాణాలో సాధారణంగా ఎంజైములు ముందే ఉంటాయి, ఫార్ములా కూడా వాటికి తగినట్లుగానే తయారై ఉంటుంది. బయట కొన్న పూర్తి దాణా వాడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. కింది వివరాలన్నీ గ్రైండర్, మిక్సర్ పెట్టుకుని సొంత ఫార్ములాతో దాణా తయారు చేసుకునేవారి కోసం.

ఏ ఎంజైము దేనికి పనికివస్తుంది?

ఫైటేజ్ అన్నిటికన్నా నమ్మదగినది. ధాన్యాల్లోను, చెక్కల్లోను ఉండే భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో చిక్కుకుని ఉంటుంది. దాన్ని విడదీసే శక్తి కోడికి చాలా తక్కువ కాబట్టి ఆ భాస్వరం రెట్టలో పోతుంది, మనం భాస్వరం కోసం డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) కొని వేయాల్సి వస్తుంది. ఫైటేజ్ ఆ చిక్కును విప్పుతుంది.

జైలనేజ్, బీటా గ్లూకనేజ్, సెల్యులేజ్ వంటివి పీచు పదార్థాల మీద పనిచేస్తాయి. వీటిని కలిపి ఎన్‌ఎస్‌పీ ఎంజైములు అంటారు. మొక్కజొన్న, నూనె తీసిన తవుడు, గోధుమ పొట్టు, డీడీజీఎస్ (ధాన్యం నుంచి ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి) వాడే దాణాలో జైలనేజ్‌కు పని ఉంటుంది. బార్లీ, ఓట్స్ వాడే దేశాల్లో బీటా గ్లూకనేజ్ తప్పనిసరి అనిపించవచ్చు గాని మన దగ్గర దానికి పెద్దగా పని లేదు. మన్ననేజ్ సోయా చెక్క ఉన్న దాణాలో కొంత, గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే గ్వార్ మీల్ ఉన్న దాణాలో ఎక్కువగా పనికివస్తుంది. ప్రొటియేజ్ మాంసకృత్తుల జీర్ణతను కొద్దిగా పెంచుతుంది. ఒకే పొట్లంలో పది రకాల ఎంజైముల పేర్లు రాసి ఉన్నంత మాత్రాన అది మంచిదని అనుకోనక్కరలేదు. ప్రతి పేరు పక్కన ఎన్ని యూనిట్లు ఉన్నాయన్నదే చూడాలి.

కావలసినవి

- మీ ప్రస్తుత ఫార్ములా, ప్రతి పదార్థం టన్నుకు ఎన్ని కిలోలో రాసిన కాగితం
- గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం
- గడువు దాటని, మూత తీయని ఎంజైము పొట్లం. దానితో పాటు కంపెనీ ఇచ్చే మ్యాట్రిక్స్ పట్టిక, అంటే ఆ ఎంజైము ఎంత భాస్వరం, కాల్షియం, శక్తి అదనంగా అందిస్తుందని కంపెనీ చెబుతుందో ఆ పట్టిక
- ముందస్తు మిశ్రమానికి 10 కిలోల మెత్తటి మొక్కజొన్న పిండి లేదా సోయా చెక్క పొడి
- మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము లేదా శుభ్రమైన టబ్బు
- ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు

చివరి అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. ఎంజైము పొడి గాలిలో లేచి ఊపిరితో లోపలికి పోతే కొందరికి అలర్జీ, ఆయాసం వస్తాయి. రోజూ కలిపే కూలీలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పొట్లాన్ని దులపడం, ఫ్యాను ఎదురుగా కలపడం మానుకోండి.

1. మీ దాణాలో ఎంజైముకు పని ఉందో లేదో చూడండి

ఎంజైము పనిచేయాలంటే దానికి తగిన పదార్థం దాణాలో ఉండాలి. మొక్కజొన్న 60 శాతం, సోయా చెక్క 30 శాతం ఉండే మామూలు ఫార్ములాలో ఫైటేట్ రూపంలోని భాస్వరం సుమారు 0.23 నుంచి 0.25 శాతం ఉంటుంది. ఫైటేజ్‌కు ఇది చాలు. నూనె తీసిన తవుడు కలిపితే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే తవుడులో మొత్తం భాస్వరమే 1.5 శాతం వరకు ఉండి, అందులో అధిక భాగం ఫైటేట్ రూపంలోనే ఉంటుంది.

దీనికి భిన్నంగా, మొక్కజొన్న ధర పెరిగినప్పుడు కొందరు సగం మొక్కజొన్న తీసేసి నూకలు వేస్తారు. నూకల్లో పీచూ తక్కువే, ఫైటేటూ తక్కువే. అటువంటి దాణాలో జైలనేజ్ పని బాగా తగ్గిపోతుంది, ఫైటేజ్ విడిపించగల భాస్వరం కూడా కొంత తగ్గుతుంది. మొక్కజొన్న ఫార్ములాకు వేసిన లెక్కను నూకల ఫార్ములాకు అలాగే వాడటం పొరపాటు. పదార్థం మారిన ప్రతిసారీ లెక్కను మళ్లీ వేయండి.

2. గ్రాములు కాదు, యూనిట్లు లెక్కించండి

ఫైటేజ్ బలాన్ని ఎఫ్‌టీయూ అనే యూనిట్లలో చెబుతారు. బ్రాయిలర్ దాణాకు కిలోకు 500 ఎఫ్‌టీయూ అన్నది ఎక్కువగా వాడుకలో ఉన్న మోతాదు. లెక్క ఇలా వేయాలి: కిలోకు 500 అంటే టన్నుకు 5,00,000 ఎఫ్‌టీయూ కావాలి. పొట్లం మీద గ్రాముకు 5,000 అని ఉంటే టన్నుకు 100 గ్రాములు. 10,000 అని ఉంటే 50 గ్రాములు. 2,500 అని ఉంటే 200 గ్రాములు.

పొట్లం మీద యూనిట్లే రాయకుండా "టన్నుకు 250 గ్రాములు వాడండి" అని మాత్రమే ఉంటే ఆ సరుకును కొనకండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ లేనిదాన్ని కూడా వదిలేయండి. ధర పోల్చేటప్పుడు కిలో పొట్లం ధరను పోల్చకూడదు. ఒక టన్ను దాణాకు కావలసిన యూనిట్లకు ఎంత ఖర్చవుతుందో పోల్చాలి. చవకగా కనిపించే పొట్లం ఈ లెక్కలో ఖరీదైనదని తేలడం మామూలే.

జైలనేజ్, ప్రొటియేజ్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వీటి యూనిట్లను ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది. అందువల్ల ఒక కంపెనీ 10,000 యూనిట్లు మరో కంపెనీ 5,000 యూనిట్లకు రెట్టింపు అని చెప్పలేము. ఇక్కడ ఆ సరుకు కంపెనీ చెప్పిన మోతాదునే పాటించి, ఫలితాన్ని షెడ్డులో చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

3. పైన వేయాలా, ఫార్ములా మార్చాలా నిర్ణయించుకోండి

ఎంజైమును వాడే పద్ధతులు రెండు. మొదటిది, ఉన్న ఫార్ములాను ముట్టుకోకుండా పైన వేయడం. దాణా పదార్థాలు నాసిగా ఉన్నప్పుడు, కొత్త మొక్కజొన్న పూర్తిగా ఆరకుండా వచ్చినప్పుడు, తవుడు లేదా డీడీజీఎస్ ఎక్కువగా వేయక తప్పనప్పుడు ఇది కొంత ఉపయోగపడుతుంది. రెండవది, ఎంజైము అందించే పోషకాలను లెక్కలోకి తీసుకుని ఆ మేరకు డీసీపీ, నూనె వంటి ఖరీదైన వాటిని తగ్గించడం. డబ్బు మిగిలేది సాధారణంగా ఈ రెండవ పద్ధతిలోనే.

పిల్లలకు మొదట పెట్టే ప్రీ స్టార్టర్ దాణాలో మాత్రం నా సలహా పైన వేయడమే. మొదటి వారంలో పిల్ల తినేది కొద్ది దాణా. అందులో డీసీపీ తగ్గించి మిగిల్చేది కొద్ది రూపాయలే. ఎముక గట్టిపడే ఆ దశలో పొరపాటు జరిగితే నష్టం బ్యాచ్ చివరిదాకా వెంటాడుతుంది. ఆ తర్వాతి స్టార్టర్ దాణా నుంచి కొద్దిగా, చివరి దశ దాణా అయిన ఫినిషర్‌లో పూర్తిగా లెక్కలోకి తీసుకోండి.

4. ఫైటేజ్‌కు డీసీపీ లెక్క వేయండి

కిలోకు 500 ఎఫ్‌టీయూ వాడినప్పుడు 0.10 నుంచి 0.15 శాతం వరకు లభ్య భాస్వరం (కోడి వాడుకోగల భాస్వరం) విడుదలవుతుందని మ్యాట్రిక్స్ పట్టికలు చెబుతాయి. మొదటిసారి వాడేవారు 0.10 శాతం మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. కాల్షియంలో కూడా 0.10 శాతం కలిసివస్తుందని అనుకోండి. ఒక ఫినిషర్ ఫార్ములాను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో టన్నుకు డీసీపీ 18 కిలోలు, సున్నపురాయి పొడి 10 కిలోలు ఉన్నాయి.

టన్నుకు 0.10 శాతం అంటే 1 కిలో భాస్వరం. డీసీపీలో భాస్వరం 18 శాతం ఉంటుంది కాబట్టి 1 కిలో భాస్వరానికి సుమారు 5.5 కిలోల డీసీపీ తగ్గించవచ్చు. అంటే 18 కిలోలు కాస్తా 12.5 కిలోలు అవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కాని డీసీపీ తగ్గినప్పుడు దానితో పాటు కాల్షియం కూడా తగ్గుతుంది. డీసీపీలో కాల్షియం సుమారు 23 శాతం కాబట్టి 5.5 కిలోల తగ్గింపుతో 1.26 కిలోల కాల్షియం పోతుంది. అందులో 1 కిలోను ఎంజైము భర్తీ చేస్తుందనుకుంటే మిగిలిన లోటు పావు కిలో పైచిలుకు. సున్నపురాయి పొడిలో కాల్షియం 38 శాతం ఉంటుంది గనుక 0.7 కిలోల పొడి అదనంగా వేస్తే ఆ లోటు తీరుతుంది. కొత్త ఫార్ములాలో సున్నపురాయి పొడి 10.7 కిలోలు.

ఇప్పుడు టన్నులో 4.8 కిలోల చోటు ఖాళీ అయింది. ఎంజైముకు 100 గ్రాములు పోగా మిగిలిన 4.7 కిలోల చోటును మొక్కజొన్నతో నింపండి. చోటును నింపకుండా వదిలేస్తే టన్ను అనుకున్నది 995 కిలోలే అవుతుంది, మిగతా పదార్థాల శాతాలన్నీ కొద్దికొద్దిగా మారిపోతాయి.

ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మీ ఊరి ధరలు వేసుకోండి: 5.5 కిలోల డీసీపీ ధరలోంచి 0.7 కిలోల సున్నపురాయి పొడి ధర, 4.7 కిలోల మొక్కజొన్న ధర, టన్నుకు వాడిన ఎంజైము ధర తీసేయాలి. మిగిలింది మీ లాభం. అంకె సున్నా కన్నా తక్కువ వస్తే ఆ పొట్లం మీకు పనికిరాదు.

హెచ్చరిక: లోటు భయంతో సున్నపురాయి పొడిని రెండు మూడు కిలోలు ఎక్కువ వేయకండి. కాల్షియం మితిమీరితే అది ఫైటేట్‌తో కలిసి గట్టిపడి ఫైటేజ్‌ను పనిచేయనివ్వదు. కాల్షియం లభ్య భాస్వరానికి రెండింతల దగ్గర ఉంటే సరిపోతుంది.

5. ఎన్‌ఎస్‌పీ ఎంజైములకు నూనె లెక్క వేయండి

జైలనేజ్ మిశ్రమాల మీద కిలో దాణాకు 100 కిలో క్యాలరీల దాకా శక్తి కలిసివస్తుందన్న మాట వినిపిస్తుంది. మంచి మొక్కజొన్న, సోయా దాణాలో మొదటిసారి 50కి మించి లెక్కలోకి తీసుకోవద్దు. నూనె శక్తి కిలోకు సుమారు 8,800 కిలో క్యాలరీలు, మొక్కజొన్న శక్తి 3,350. ఒక కిలో నూనె తీసి ఆ చోట మొక్కజొన్న వేస్తే 5,450 కిలో క్యాలరీలు తగ్గుతాయి. టన్నుకు కావలసిన తగ్గింపు 50,000 కిలో క్యాలరీలు కాబట్టి 9 కిలోల నూనెను మొక్కజొన్నతో మార్చవచ్చు.

లెక్క ప్రకారం 9 వచ్చినా, మొదటి బ్యాచ్‌లో 4 లేదా 5 కిలోలే తగ్గించి చూడటం మంచిది. ఫార్ములాలో నూనె మొదటి నుంచీ 10 కిలోలే ఉంటే దాన్ని పూర్తిగా తీసేయకండి. దుమ్ము లేవకుండా ఉండటానికి, కొవ్వు ఆమ్లాలు అందడానికి కొంత నూనె ఉండాలి.

రెండు మూడు రకాల ఎంజైములు కలిపి వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఫైటేజ్ పట్టికలోనూ కొంత శక్తి రాసి ఉంటుంది, జైలనేజ్ పట్టికలోనూ ఉంటుంది, ప్రొటియేజ్ పట్టికలోనూ ఉంటుంది. జీర్ణం కాకుండా మిగిలిన పదార్థం ఒక్కటే కాబట్టి అది మూడుసార్లు జీర్ణం కాదు. మూడు అంకెలనూ కూడితే కాగితం మీద శక్తి పెరుగుతుంది గాని కోడి బరువు తగ్గుతుంది. ఫైటేజ్ నుంచి భాస్వరం, కాల్షియం మాత్రమే తీసుకుని, శక్తిని ఒక్క ఎన్‌ఎస్‌పీ ఎంజైము నుంచి మాత్రమే లెక్కించడం క్షేమకరం.

6. ముందస్తు మిశ్రమం చేయండి

టన్నులో 100 గ్రాములు అంటే పదివేల వంతుల్లో ఒక వంతు. దీన్ని నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒక బస్తాలో అధికంగా, ఇంకో బస్తాలో అసలు లేకుండా పోవచ్చు. డీసీపీ తగ్గించిన ఫార్ములాలో ఎంజైము అందని బస్తా అంటే భాస్వరం లోపించిన బస్తానే.

ఎంజైమును గ్రాము తూకంలో తూచండి. చెంచాతోను, గుప్పెటతోను కొలవకండి. తూచిన ఎంజైమును ముందుగా 1 కిలో మెత్తటి పిండిలో బాగా కలపండి. దానికి మరో 3 కిలోలు చేర్చి మళ్లీ కలపండి. చివరగా మిగిలిన 6 కిలోలు చేర్చి, మూత ఉన్న డ్రమ్ములో రెండు మూడు నిమిషాలు దొర్లించండి. ఈ 10 కిలోల మిశ్రమమే మిక్సర్‌లోకి వెళ్తుంది. పిండి బరకగా ఉంటే ఎంజైము పొడి అడుగుకు జారిపోతుంది, కాబట్టి మెత్తటిదే వాడండి.

ఈ మిశ్రమాన్ని ఏ రోజుది ఆ రోజే తయారు చేసుకోవాలి. పని తగ్గుతుందని విటమిన్ ప్రీమిక్స్ (ముందే కలిపి అమ్మే విటమిన్ల పొడి), ఖనిజ లవణాలు, కోలిన్ క్లోరైడ్, ఎంజైము అన్నీ ఒకే సంచిలో కలిపి వారాల తరబడి ఉంచడం మంచి అలవాటు కాదు. కోలిన్ క్లోరైడ్ తేమను లాగుతుంది. రాగి, ఇనుము వంటి లవణాలు ఆ తేమలో ఎంజైమునూ విటమిన్లనూ దెబ్బతీస్తాయి. దాణాలో అన్నీ కలిసి ఉండటం వల్ల ఇబ్బంది లేదు, గాఢంగా ఒకేచోట నిల్వ ఉండటమే ఇబ్బంది.

7. మిక్సర్‌లో వేసే వరుస పాటించండి

ముందు మొక్కజొన్నలో సగం, ఆ తర్వాత సోయా చెక్క వేసి మిక్సర్ తిప్పండి. ఎంజైము మిశ్రమాన్ని, ప్రీమిక్స్‌ను మధ్యలో వేయండి. పైన మిగిలిన మొక్కజొన్న వేయండి. ఖాళీ మిక్సర్‌లో ముందుగా ఎంజైము వేస్తే అది అడుగున, మూలల్లో ఇరుక్కుని కదలదు. పొడి పదార్థాలు రెండు నిమిషాలు కలిసిన తర్వాతే నూనె చల్లాలి. నూనె ముందు పడితే పొడి ఉండలు కడుతుంది.

అడ్డ రిబ్బన్ మిక్సర్‌కు నూనె వేశాక మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. నిలువు స్క్రూ మిక్సర్‌కు 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. మన పల్లెల్లో చాలాచోట్ల ఉన్నవి నిలువు మిక్సర్లే గనుక, కరెంటు పోయే భయంతో ఐదు నిమిషాలకే దించేయడం తరచుగా జరిగే తప్పు. మిక్సర్ సామర్థ్యానికి మించి నింపినా పైభాగం కలవదు.

మిక్సర్ సరిగ్గా కలుపుతోందో లేదో ఏడాదికి రెండుసార్లయినా పరీక్షించండి. దాణా దించుతున్నప్పుడు మొదటి నుంచి చివరి వరకు పది చోట్ల నమూనాలు తీసి, వేరువేరు కవర్లలో పెట్టి, ఉప్పు శాతం కోసం దాణా పరీక్ష చేసే ప్రయోగశాలకు పంపండి. పది ఫలితాల మధ్య తేడాను వైవిధ్య శాతంగా లెక్కించి చెప్పమని అడగండి. అది 10 శాతం లోపు ఉండాలి. ఉప్పే సమానంగా కలవని మిక్సర్‌లో ఎంజైము సమానంగా కలుస్తుందని ఆశించలేము. రాజేంద్రనగర్‌లోను, తిరుపతిలోను ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయాల పౌల్ట్రీ నిపుణులను సంప్రదిస్తే నమూనా ఎలా తీయాలో, ఎక్కడ పరీక్ష చేయించాలో చెబుతారు.

8. పెల్లెట్ చేసేవారికి ప్రత్యేక జాగ్రత్త

పొడి దాణా మేపేవారికి ఈ మెట్టు అక్కరలేదు. పెల్లెట్ (గుళికలు) లేదా క్రంబుల్ (నలిపిన గుళికలు) చేసేటప్పుడు ఆవిరితో దాణా 80 నుంచి 85 డిగ్రీల వేడికి చేరుతుంది. మామూలు ఎంజైము ఆ వేడికి చాలావరకు చచ్చిపోతుంది. వేడిని తట్టుకునే రకాన్నో, పూత పూసిన రకాన్నో కొనాలి. ఎన్ని డిగ్రీల దగ్గర ఎంత శాతం బలం మిగులుతుందో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. రెండో దారి, పెల్లెట్ చల్లారిన తర్వాత ద్రవ ఎంజైమును దాని మీద పిచికారీ చేయడం. దీనికి సరైన పరికరం ఉండాలి. చేతి పంపుతో చల్లితే పైన ఉన్న పెల్లెట్లకే అంటుకుంటుంది.

9. నిల్వ, గడువు

మే నెలలో రేకుల కింద ఉన్న దాణా గోదాములో వేడి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఎంజైము పొట్లాన్ని అక్కడ ఉంచకండి. ఇంట్లో చల్లగా, పొడిగా, ఎండ తగలని చోట ఉంచి, అవసరమైనప్పుడే తీసుకువెళ్లండి. తెరిచిన పొట్లాన్ని గాలి తగలకుండా బిగించండి. పెద్ద పొట్లం చవకని కొని ఆరు నెలలు తెరిచి వాడటం కన్నా చిన్న పొట్లాలు కొనడం మేలు. ఎంజైము కలిపిన దాణాను రెండు మూడు వారాల లోపు మేపేయండి. వానకాలంలో ఈ గడువును ఇంకా తగ్గించండి.

ఎంజైములు వాడినందుకు కోళ్లను అమ్మే ముందు విరామం పాటించాల్సిన పని లేదు. ఇవి యాంటీబయాటిక్‌లు కావు.

తరచుగా జరిగే తప్పులు

ఒకేసారి అన్నీ మార్చడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కొత్త ఎంజైము, కొత్త ప్రీమిక్స్, కొత్త హేచరీ పిల్లలు ఒకే బ్యాచ్‌లో వస్తే, బరువు పెరిగినా తగ్గినా కారణం ఏదో ఎవరూ చెప్పలేరు.

రోగానికి మందుగా ఎంజైమును వాడటం రెండోది. కాక్సిడియోసిస్ అనే పేగు వ్యాధి వల్లనో, పేగు వాపు వల్లనో రెట్ట పలుచగా వస్తుంటే ఎంజైము దాన్ని నయం చేయదు. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కూడా ఎంజైము తొలగించదు. డీడీజీఎస్ వాడేవారు ముందు దాని విషపదార్థాల పరీక్ష చేయించుకోవాలి. ఎంజైము మాట ఆ తర్వాతిది.

ప్రీమిక్స్‌లో ముందే ఫైటేజ్ ఉందని తెలియక మళ్లీ కొనడం, రెండుసార్లు డీసీపీ తగ్గించడం కూడా జరుగుతుంటుంది. ప్రీమిక్స్ లేబుల్‌ను చివరి పంక్తి దాకా చదవండి.

ఇక డీసీపీ నాణ్యత. మీ లెక్క అంతా డీసీపీలో 18 శాతం భాస్వరం ఉందన్న నమ్మకం మీద నడుస్తోంది. సున్నపురాయి పొడి కలిపిన నాసి డీసీపీ అయితే తగ్గించడానికి ముందే లోటు ఉన్నట్టు. డీసీపీని తగ్గించే ముందు ఒక్కసారైనా దాన్ని పరీక్ష చేయించండి. నా అభిప్రాయంలో ఈ పరీక్షకు పెట్టే డబ్బు ఎంజైము మీద పెట్టే డబ్బు కన్నా ముందు రావాలి.

ఫలితాన్ని ఎలా పరీక్షించాలి?

వీలైతే ఒకే రోజు, ఒకే హేచరీ పిల్లలను రెండు షెడ్లలో వేసి, ఒకదానికి పాత దాణా, ఇంకోదానికి కొత్త దాణా పెట్టండి. ఒకే షెడ్డు ఉంటే మధ్యలో వల కట్టి రెండు భాగాలు చేయండి. పోయిన బ్యాచ్‌తో ఈ బ్యాచ్‌ను పోల్చడం అంత నమ్మదగినది కాదు. ఎండ మారుతుంది, పిల్లల నాణ్యత మారుతుంది, మొక్కజొన్న మారుతుంది.

కాళ్లు, ముక్కు ముందుగా చూడండి. డీసీపీ తగ్గింపు ఎక్కువైతే, లేదా ఎంజైము పనిచేయకపోతే, ఆ సంగతి బరువు కన్నా ముందు ఎముకల్లో తెలుస్తుంది. 10వ రోజు నుంచి 20వ రోజు మధ్య రోజూ చూడాలి. పిల్లలు మోకాళ్ల మీద కూర్చుండిపోవడం, కుంటడం, ముక్కు వేలితో నొక్కితే రబ్బరులా వంగడం లోపానికి గుర్తులు. ఏ కారణంతోనైనా చనిపోయిన పిల్ల కాలి ఎముకను తీసి విరిచి చూడండి. గట్టి ఎముక టక్కుమని విరుగుతుంది. లోపం ఉన్న ఎముక వంగుతుంది గాని విరగదు. ఇలా కనిపిస్తే ఆ రోజే పాత ఫార్ములాకు తిరిగి వెళ్లండి, విటమిన్ డి3 విషయం పశువైద్యుణ్ణి అడగండి. డి3 లోపంలోనూ ఇవే గుర్తులు ఉంటాయి కాబట్టి ఎంజైమునే నిందించి ఊరుకోకూడదు.

తర్వాత లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచిన ఊక. జైలనేజ్ పనిచేస్తే రెట్ట జిగట తగ్గి ఊక పొడిగా ఉండాలి. నీటి గిన్నెలకు దూరంగా ఐదారు చోట్ల గుప్పెడు లిట్టర్ తీసి పిసకండి. వదలగానే విడిపోతే బాగుంది. ముద్దలా నిలిచిపోతే తడి ఎక్కువ. అయితే నీటి నిపుల్స్ కారడం వల్లనో, దాణాలో ఉప్పు ఎక్కువవడం వల్లనో కూడా లిట్టర్ తడుస్తుంది, వాటిని ముందు చూసుకోండి.

బరువు వారానికోసారి చూడండి. ప్రతి భాగం నుంచి కనీసం 50 కోళ్లను, షెడ్డులోని నాలుగైదు చోట్ల అడ్డు పెట్టి, ఆ అడ్డులో పడిన వాటన్నిటినీ తూచాలి. చేతికి అందిన పెద్ద కోళ్లనే ఏరి తూస్తే లెక్క తప్పుతుంది.

చివరి లెక్క ఎఫ్‌సీఆర్‌ది, అంటే కిలో బరువుకు కోడి తిన్న దాణా ఎన్ని కిలోలన్నది. అమ్మిన బరువు తేడాగా ఉన్నప్పుడు నేరుగా ఎఫ్‌సీఆర్‌లను పోల్చకండి, ఎందుకంటే కోడి పెద్దదయ్యే కొద్దీ కిలోకు తినే దాణా పెరుగుతుంది. మన దగ్గర వాడుకలో ఉన్న సవరించిన ఎఫ్‌సీఆర్ సూత్రం ఇది: 2 లోంచి సగటు బరువు తీసేసి, దాన్ని 0.25తో గుణించి, వచ్చినదాన్ని ఎఫ్‌సీఆర్‌కు కలపాలి. ఒక భాగంలో సగటు బరువు 2.0 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.58 అనుకోండి; సవరించినా 1.58 అలాగే ఉంటుంది. ఇంకో భాగంలో బరువు 2.2 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.62 అనుకోండి, 2 లోంచి 2.2 తీస్తే మైనస్ 0.2, దాన్ని 0.25తో గుణిస్తే మైనస్ 0.05, కాబట్టి సవరించిన అంకె 1.57. పైకి వెనకబడినట్టు కనిపించిన రెండో భాగమే కొద్దిగా ముందుంది.

ఎన్ని కిలోల దాణా మిగిలిందో కూడా చూడండి. 5,000 కోళ్లు 2.2 కిలోల చొప్పున అమ్మితే మొత్తం 11,000 కిలోలు. సవరించిన ఎఫ్‌సీఆర్ 0.03 మెరుగైతే 330 కిలోల దాణా మిగిలినట్టు. అయితే ఒక్క బ్యాచ్‌లో 0.02, 0.03 తేడా ఎంజైము లేకుండానే రావచ్చు. కనీసం మూడు బ్యాచ్‌లలో అదే దిశలో తేడా వచ్చినప్పుడే దాన్ని ఎంజైము ఫలితంగా తీసుకోవాలి.

ప్రయోగశాలలో దాణా పరీక్ష చేయించేవారు ఒక విషయానికి కంగారు పడకూడదు. నివేదికలో మొత్తం భాస్వరం పాత దాణా కన్నా 0.10 శాతం తక్కువగా కనిపిస్తుంది. ఎంజైము భాస్వరాన్ని కొత్తగా పుట్టించదు, కోడి కడుపులో విడిపిస్తుంది, కాబట్టి ఆ తగ్గుదల ఉండాల్సిందే. అది కనిపించకపోతేనే మిక్సింగ్‌లో డీసీపీ తగ్గించారో లేదో కనుక్కోండి. ఎంజైము బలాన్ని కొలిచే పరీక్ష వేరు, అన్ని ప్రయోగశాలలూ దాన్ని చేయవు. ఎముక బూడిద శాతం పరీక్ష చేసే చోటు దొరికితే, 21వ రోజున రెండు భాగాల నుంచి ఆరేసి కోళ్ల కాలి ఎముకలు పంపండి. లభ్య భాస్వరం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి దానికన్నా స్పష్టమైన పరీక్ష లేదు.

ఎంజైము పేరు, బ్యాచ్ నంబరు, వేసిన గ్రాములు, తగ్గించిన డీసీపీ, నూనె కిలోలు ఆ రోజు మిక్సింగ్ పుస్తకంలో రాయండి. అనుకున్న కంపెనీ సరుకు దొరక్క బ్యాచ్ మధ్యలో మరో కంపెనీ పొట్లం తేవాల్సి వస్తే, యూనిట్లు మళ్లీ లెక్కించి, ఆ కంపెనీ మ్యాట్రిక్స్ పట్టిక చేతికి వచ్చేవరకు డీసీపీని పాత స్థాయిలోనే, అంటే మన ఉదాహరణలో 18 కిలోల దగ్గరే, సున్నపురాయి పొడిని 10 కిలోల దగ్గరే ఉంచండి.